బిందెల వరుసలో ఎస్సై

మంగళవారం, రాత్రి

పొద్దున మా వార్డుకు నీళ్ల ట్యాంకరు వస్తే, బిందెల వరుసలో కొత్త ఎస్సై నిలబడి ఉంది. యూనిఫాం లేదు, మామూలు చుడీదారు.

"ఏందమ్మా, మీ క్వార్టర్స్‌లోనూ నీళ్లు లేవా?" అన్నాను.

"నీళ్లకు కాదు మేడం, మాటలకు వచ్చినా," అని నవ్వింది.

మొన్న మునిసిపల్ మీటింగులో, ఆమె ఎదుటే, మా వార్డు నుంచి స్టేషనుకు ఒక్క ఫిర్యాదూ పోలేదని కౌన్సిలర్‌గా గొప్పలు చెప్పుకున్నాను. ఫిర్యాదులు లేక కాదు. స్టేషను మెట్లెక్కితే పరువు పోతుందని మా ఆడవాళ్లు ఎక్కరు. అందుకని తానే వచ్చింది.

ఒకరికి బిందె ఎత్తిపెడుతూ, ఇంకొకరి బిడ్డను చంకనేసుకుని అందరినీ మాట్లాడించింది. రాతి పలకలు కోసే షెడ్డు వెనక సందులో లైటు లేదని, తాగినోళ్లు దారికి అడ్డం నిలబడతారని బయటపడింది. సాయంత్రానికల్లా అక్కడ లైటు వెలిగింది, కానిస్టేబుల్ నిలబడ్డాడు. ఒక్క బల్బు కోసం నేను ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతానో నాకే తెలుసు. శభాష్ అనకుండా ఎట్లా ఉంటాను?

కానీ ఆ సందు మాట మొదట ఎత్తింది మా కోడలు పద్మ. కుట్టు సెంటరు నుంచి రోజూ ఆ సందు తప్పించుకుని ఊరంతా చుట్టి ఇంటికి వస్తోందట. నాతో ఒక్కనాడూ అనలేదు.

అన్నం తినేటప్పుడు అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"చెప్తే, సెంటరు మానుకోమంటావు గదత్తా," అంది.

అననని చెప్పబోయాను. కానీ అనేదాన్నే.