తోడికోడలి ముద్ర

మార్చి 4, మంగళవారం

ఇప్పుడు మంచం మీదకే కారుతోంది. ఇన్నాళ్లూ మూలన కారేది, బకెట్ పెట్టి ఊరుకున్నాను. పొద్దున లాయ్ మేస్త్రి నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాడు. దిగి చేతులు దులుపుకుని, అక్కా, పెంకుల సంగతి తర్వాత, దూలాలే పుచ్చిపోయాయి, మొత్తం కప్పు దించి కొత్తది వెయ్యాల్సిందే అన్నాడు. ఏదో ఒక అతుకు వెయ్యవయ్యా అంటే వెయ్యనన్నాడు. తుఫానులు మొదలయ్యేలోపు కానివ్వకపోతే కప్పుతో పాటు నువ్వూ కిందికొస్తావు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కప్పు మొత్తం మార్చాలంటే నగర కార్యాలయం పర్మిట్ కావాలట. కాగితం చేతికి రాందే మేకు కూడా కొట్టడట. జూన్ దాటితే అతనికి ఖాళీ లేదట. ఈ రేవు ఊళ్లో సగం కప్పులు అతని మీదే ఆధారపడి ఉన్నాయి, ఆ టెక్కు ఊరికే రాలేదు.

మార్చి 6, గురువారం, మధ్యాహ్నం 3

చేప ఉండల సూపు అయిపోగానే కొట్టు కట్టేసి ఆఫీసుకి వెళ్లాను. మూడో కిటికీ. పెంగ్ అనే అమ్మాయి. నా ఫారం చూసింది, ఫోటోలు చూసింది, మీకూ పక్కింటికీ ఒకే గోడ కదండీ అంది. అవునమ్మా, మా మామగారు ఇద్దరు కొడుకులకీ ఒక గోడకి అటొకటి ఇటొకటి కట్టించాడు అన్నాను. దూలాలు ఆ గోడ మీదే ఆనుతాయి కాబట్టి పక్కింటివాళ్ల అంగీకార పత్రం ఉండాలంది. దాని మీద వాళ్ల ముద్ర పడాలట. సంతకం చాలదా అంటే చాలదంది. ఆఫీసులో రిజిస్టరు చేయించిన పేరు ముద్రే కావాలంది.

పక్కింటివాళ్లు తెలిసినవాళ్లేగా అని అడిగింది. తెలిసినవాళ్లే అన్నాను.

పక్కిల్లు మా బావగారిది. అంటే ఆయన పెళ్లాం, నా తోడికోడలు లీషియాది. ఆయన పేరు కాగితాల మీద మాత్రమే ఉంటుంది.

మార్చి 7, శుక్రవారం

లీషియా నాకు చేసింది ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలి. లేకపోతే వయసు మీద పడి మర్చిపోయి క్షమించేస్తానేమోనని భయం.

మా ఆయన ఆకున్ పోయి ఐదేళ్లు. పోయిన పెద్దల పేర్లు పెట్టి దండం పెట్టుకునే పలక పెద్దకొడుకు ఇంట్లోనే ఉంటుంది, ఈ సందులో ఎవరి ఇంట్లోనైనా అంతే. ఆ పలక లోపల ఒక సన్నటి చెక్కముక్క మీద ఆకున్ పేరుంది. ఏడాదికి నాలుగుసార్లు ఆయనకి ఇష్టమైనవి వండి పట్టుకెళ్లి అగరుబత్తి వెలిగించుకునేదాన్ని. మూడేళ్ల క్రితం కొత్త సంవత్సరం నాడు లీషియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పొయ్యిలు వేరయ్యాయి కదే యూలాన్, దండాలు కూడా వేరే పెట్టుకో అంది. చేతిలో గిన్నెలతో, సందులో అందరూ చూస్తుండగా. అంతకు నెల ముందు నా ఇల్లు వాళ్లబ్బాయికి అమ్మమంటే నేను అమ్మనన్నాను. అదీ నా నేరం.

ఆ తర్వాత కింది వాటా స్కూటర్లు బాగుచేసేవాడికి అద్దెకిచ్చింది. పలక వెనక గదిలో ఉంటుంది కదా అని, పండగ పండగకీ రోడ్డు మీద నిలబడి ఆ షాపు వైపే దండం పెడుతున్నాను. స్కూటర్ల కోసం వచ్చినవాళ్లు నన్నే చూస్తారు.

ఇప్పుడు దాని ముద్ర కోసం దాని గుమ్మమే ఎక్కాలి.

మార్చి 9, ఆదివారం

ఎక్కాను. జామకాయలు కూడా పట్టుకెళ్లాను, సిగ్గులేనిదాన్ని.

జామకాయలు తీసుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని ఫారం మొదటి నుంచి చివరిదాకా చదివింది, తిప్పి వెనక కూడా చూసింది. నీ ఇంట్లో పడే వాన నీది, గోడ మాది అంది. తర్వాత, ముద్ర ఎక్కడ పెట్టానో గుర్తులేదంది. తర్వాత, ఈ నెల ముద్ర వెయ్యడానికి మంచిది కాదంది. ఆఖరికి అసలు మాట బయటికొచ్చింది. ఒంటి మనిషివి, నీకెందుకే ఈ తిప్పలు, ఆ ఇల్లు మావాడికిచ్చెయ్, కప్పు మేమే వేయించుకుంటాం అంది. లోపల బావగారు టీవీ సౌండు పెంచాడు.

జామకాయలు తిరిగివ్వలేదు.

మార్చి 10

దాని కప్పు కూలాలి.

మార్చి 30, ఆదివారం

మళ్లీ వెళ్లాను, లీషియా మార్కెట్టుకి వెళ్లిన వేళ చూసుకుని. బావగారు ఒక్కడే ఉన్నాడు. నన్నేం చెయ్యమంటావమ్మా, ముద్ర ఆవిడ దిండు కింద ఉంటుంది అన్నాడు. పాపం నిజంగానే బాధపడ్డాడు. ఈయన బాధ ఏనాడు ఎవరికి పనికొచ్చింది కనుక.

ఇరవై రోజులుగా వాన. మేడ మీది మంచం కింది వంటగదిలోకి దించుకున్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

పెంగ్ ఫోన్ చేసి రమ్మంది. మే ఆఖరుకల్లా ముద్ర పడకపోతే ఫైలు మూసేస్తారట. తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈలోపు తుఫాను వస్తే అని అడిగాను. జాగ్రత్తగా ఉండండి అంది.

ఆ మాట అంటూనే కంప్యూటర్లో ఆకాశం నుంచి తీసిన ఫోటో తెరిచింది. మా సందు, మా రెండు కప్పులు. నాది నల్లటి పెంకులు. లీషియాది సిమెంటు శ్లాబు, దాని మీద నీలం రేకుల గది. మూడేళ్ల క్రితం వేయించింది. బట్టలు ఆరేసుకోవడానికీ, మాజాంగ్ ఆడుకోవడానికీ అనుకునేదాన్ని. పెంగ్ ఆ గదిని చూసింది, ఏదో వెతికింది, దీనికి పర్మిట్ ఉన్నట్టు లేదే అని తనలో తనే అనుకుని, నా మొహం చూసి టక్కున నోరు మూసుకుంది.

ఇలాంటివి ఎవరికి చెప్పాలమ్మా అని అడిగాను. ఐదో కిటికీ అంది. చెప్పినవాళ్ల పేరు బయటికి రాదంది.

మూడో కిటికీ నుంచి ఐదో కిటికీకి పదకొండు అడుగులు. నాలుగు గీతలు రాసి ఇచ్చి వచ్చాను. నా కప్పుకి నెలన్నరగా తిరుగుతున్నాను, దాని కప్పు పనికి సూపు మరిగేంత సేపు కూడా పట్టలేదు.

అదే రోజు, సాయంత్రం

ఎన్నాళ్లకో ఆకలేసింది. రెండు గిన్నెలు తిన్నాను.

మే 8, గురువారం

వచ్చారు! ఇద్దరు. ఒకడి చేతిలో టేపు, ఒకడి చేతిలో కెమెరా. కొట్టులోంచి చూస్తూ ఉండలు వేస్తున్నాను, ఒకావిడకి నాలుగు ఎక్కువే పడ్డాయి. తిననీ.

మే 9, శుక్రవారం

లీషియా తలుపుకి కాగితం అంటించారు. పైగది రెండు నెలల్లో తీసెయ్యాలి, లేకపోతే వాళ్లే వచ్చి తీసేస్తారు.

అది తిన్నగా నా కొట్టుకే వచ్చింది. తైపే రైలు దిగిన జనంతో బల్లలన్నీ నిండి ఉన్నాయి. నువ్వేనే, నువ్వేనని నాకు తెలుసు అంది. పేరు బయటికి రాదన్నారు కానీ, ఈ సందులో పేరు బయటికి రావడానికి ఆఫీసు అవసరం లేదు. నేనే, ఏం చేస్తావ్ అన్నాను. అప్పుడు గొంతు తగ్గించింది. అరిచినా బాగుండేది.

పైన ఏముందో తెలుసా అని అడిగింది. మాజాంగ్ బల్ల అన్నాను. పెద్దల పలక అంది. కింద స్కూటర్ల షాపు, మధ్యలో కొడుకూ కోడలూ కవలలూ, పెద్దల నెత్తిమీద ఎవరూ నడవకూడదు కనుక అన్నిటికన్నా పైన గది కట్టి మూడేళ్ల క్రితమే ఎక్కించాం అంది. నీ మొగుణ్ణి నువ్వే వీధిలోకి ఈడ్చుకున్నావే అని వెళ్లిపోయింది. తినేవాళ్లు నమలడం ఆపేసి నన్ను చూస్తున్నారు.

అంటే మూడేళ్లుగా నేను స్కూటర్లకి దండం పెడుతున్నానన్నమాట.

మే 10

కొట్టు తెరవలేదు. ఏడ్చాను. ఆకున్‌కి క్షమాపణ చెప్పుకున్నాను, ఎటు తిరిగి చెప్పాలో తెలియక పైకి చూసి చెప్పాను.

మధ్యాహ్నానికి ఏడుపు పోయి మంట మొదలైంది. పలకని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చాలంటే మంచి రోజు చూడాలి, ఇంటిల్లిపాదీ నిలబడాలి. నా మొగుణ్ణి మోసుకుని మేడెక్కించారు. గోడకి ఇవతల నేనున్నాను. ఒక్క మాట చెప్పలేదు.

తప్పు చేశానా? చేశాను. వెనక్కి తీసుకుంటానా? చచ్చినా తీసుకోను.

మే 25, ఆదివారం

బావగారు వచ్చాడు. తనంతట తాను మా గుమ్మం ఎక్కడం మొదటిసారి. జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. ముద్ర!

మాకు పలక పెట్టుకోవడానికి చోటు లేదమ్మా అన్నాడు. నీ మేడ మీద గది ఖాళీ, పైన కొత్త కప్పే తప్ప ఎవరూ ఉండరు, అమ్మనీ నాన్ననీ తమ్ముణ్ణీ నీ దగ్గర పెట్టుకుంటానంటే ఇప్పుడే ముద్ర వేస్తాను అన్నాడు. ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నాకు కావలసిందీ అదే. అయినా వెంటనే ఒప్పుకోలేదు. మూడు షరతులు పెట్టాను. ముద్ర మీరు కాదు, అక్కే వచ్చి వెయ్యాలి. నాకు ఆకున్ ఒక్కడే కావాలి, మిగతావాళ్లని మీరు ఎక్కడైనా పెట్టుకోండి. నా ఇంటికి వచ్చేటప్పుడు పలక ముందుండే అగరుబత్తుల కుండ అక్కే తన చేతుల్తో, పట్టపగలు, సందంతా చూస్తుండగా మోసుకు రావాలి.

ఆవిడ ఒప్పుకోదమ్మా అన్నాడు. అయితే మీరు టీవీ చూసుకోండి బావగారూ అన్నాను.

మే 26, సోమవారం

వచ్చింది. ముద్ర వేసింది. కాగితం మీద నన్నే పెట్టి నొక్కినంత గట్టిగా నొక్కింది. వచ్చినదానికి టీ అయినా ఇవ్వవా అంది. ఇవ్వలేదు.

రెండున్నరకి మూడో కిటికీ ముందున్నాను.

జూన్ 5, గురువారం

పర్మిట్ వచ్చింది. దాని నంబరు నాకు నోటికొచ్చేసింది. లాయ్ మేస్త్రి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వీధి తలుపుకి కొట్టాడు. లీషియా బయటికెళ్లిన ప్రతిసారీ దాని ముందు నుంచే నడవాలి. ఇంకొంచెం ఎత్తుగా కొట్టమన్నాను.

జూన్ 29

నాలుగు గంటలు వాన. ఒక్క చుక్క లేదు!

జూలై 13, ఆదివారం

ఇవాళ తీసుకొచ్చాం. రేపు ఆ రేకుల గది విప్పేస్తారు.

పంతులు నెలవంకల్లాంటి రెండు చెక్కలు తెచ్చాడు. పెద్దల్ని ఏదైనా అడిగి వాటిని కింద వేస్తాం. ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే వాళ్లు నవ్వుతున్నట్టు.

ముందు నా షరతు అడిగించాను. ఆకున్ ఒక్కణ్ణీ విడదీసి పంపుతారా అని. బోర్లా. మళ్లీ అడిగాడు. బోర్లా. మూడోసారీ బోర్లా. పంతులు తల అడ్డంగా ఊపాడు, తల్లి వదలనంటోంది అన్నాడు. మా అత్తగారే! బతికున్నన్నాళ్లూ కొడుకు నాతో సినిమాకి వెళితే తలనొప్పి తెచ్చుకున్న మనిషి. అందరూ కలిసి యూలాన్ ఇంటికి వెళతారా అని అడిగాడు. మొదటిసారికే సరే అంది.

ఇంక చేసేదేముంది, సరే అన్నాను. అందరూ రానీ. నాకు ఆ ఊరేగింపు కావాలి.

చూశాను. నా మేడ కిటికీలోంచి కళ్లారా చూశాను. పదకొండు గంటల ఎండలో లీషియా కుండ పట్టుకుని, బూడిద మొహాన పడుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, సందంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా నడిచి వచ్చింది. మూడేళ్ల మంట చల్లారింది. హాయిగా ఉంది, అబద్ధమెందుకు.

కుండ దించింది. చేతులు కడుక్కుంది. మొహం చూస్తే నవ్వుతోంది. సంచిలోంచి, పెద్దలకి ఎప్పుడేం పెట్టాలో రాసిన నాలుగు కాగితాలు తీసి నా చేతిలో పెట్టింది. ప్రతి నెలా పాడ్యమి, పున్నమి. తాతలూ ముత్తాతలూ కలిపి తొమ్మిది వర్ధంతులు. పండగలు వేరే. అత్తయ్యకి కోడి కాళ్లతో సహా పెట్టాలి, చేప తలతో సహా పెట్టాలి, పంది మాంసంలో అల్లం ఎక్కువైతే పడదు, కొన్నవి పెడితే తెలిసిపోతుంది, అన్నీ ఇంట్లోనే వండాలి అంది. ముప్పై ఒక్క ఏళ్లు చేశానే తల్లీ, నడుం పోయింది, ఇంక నువ్వు చూసుకో అంది.

మెట్లు దిగుతూ కూనిరాగం తీసింది.

జూలై 14

ఆకున్ ఇంటికొచ్చాడు. అమ్మని వెంటబెట్టుకుని.

ఆగస్టు 8, శుక్రవారం, పున్నమి

కోడి కాళ్లతో సహా పెట్టాను. చేప తలతో సహా పెట్టాను. అల్లం తగ్గించాను. అత్తయ్యా, భోజనం అయిందా, ఇంక తీసెయ్యనా అని చెక్కలు వేశాను. రెండూ వెల్లకిలా. మళ్లీ వేశాను. మళ్లీ. కొట్టు తెరిచే వేళ దాటిపోయింది. ఇప్పటికి పదిహేడుసార్లు.

ఇంకా నవ్వుతూనే ఉంది.