పదకొండో గడిలో చెప్పుకోదగ్గవి

ప్రియమైన పొట్టికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాళ్ళు, మీ బావకు ఓపిక, నాకు నిద్ర తప్ప మిగిలినవన్నీ సక్రమంగానే పనిచేస్తున్నాయి. అక్కడ నువ్వూ, మా మరిదీ, మీ అత్తగారూ, నీ కడుపులోని పదివారాల అభ్యర్థీ క్షేమమని తలుస్తాను. ఇకమీదట నిన్ను పొట్టి అని పిలవరాదంటూ పెళ్ళప్పుడు నువ్వు పెట్టుకున్న విన్నపం ఇంకా పరిశీలనలోనే ఉంది.

నీ ఉత్తరం గురువారం అందింది. అందులో మూడు ప్రశ్నలు, ఒక కోరిక ఉన్నాయి. ప్రశ్నలకు వరుసగా సమాధానమిస్తాను. కోరిక సంగతి తర్వాత.

వాంతుల విషయం. మంచం దిగకముందే ఒక పొడి బిస్కెట్టు నమిలి, పావుగంట ఆగి, అప్పుడు లే. మంచినీళ్ళు కూడా నిలవకపోతే మాత్రం నా ఉత్తరం కోసం ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళు. రెండో ప్రశ్న, స్కానింగులు ఎక్కువైతే కడుపులో బిడ్డ బెదురుతుందని మీ అత్తగారు అన్నారట. బిడ్డకు స్కానింగు జరుగుతున్నట్టే తెలియదు. బెదురుతున్నది మీ అత్తగారు. ఆవిడను కూడా గదిలోకి తీసుకెళ్ళి తెర మీద గుండె కొట్టుకోవడం చూపించు, రెండోసారికి ఆవిడే ముందు బయలుదేరుతుంది.

మూడోది నా ఉద్యోగం గురించి. "మీ అక్క మందులిచ్చే నర్సా, మాటలిచ్చే నర్సా?" అని మీ అత్తగారు అడిగారని రాశావు. ఆస్పత్రి నియామకపత్రం కంటే ఇది స్పష్టంగా ఉంది. మాటలిచ్చే నర్సునే. దుప్పట్ల గదికీ లిఫ్టుకీ మధ్య నాకొక గది ఇచ్చారు. ఒక బల్ల, మూడు కుర్చీలు, కళ్ళు తుడుచుకునే కాగితాల పెట్టె ఒకటి. పెట్టెలు నెలకు మూడు మంజూరవుతాయి. నాలుగో పెట్టె కావాలంటే కారణం తెలపాలి. పోయిన నెల "కారణం: ఫలితాలు వచ్చాయి" అని తెలిపాను. కారణం అసమగ్రంగా ఉందని తిప్పి పంపారు.

వంశంలో దిగివచ్చే జబ్బులు పుట్టబోయే బిడ్డకు వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టి, కడుపుతో ఉన్న మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పడం నా పని. ఏ పరీక్షలున్నాయో, ఏ వారంలో చేయించుకోవాలో చెబుతాను. ఏం నిర్ణయించుకోవాలో చెప్పను. మా నియమావళిలో మొదటి వాక్యం "సలహాదారు సలహా ఇవ్వరాదు" అనే. నవ్వకు. దాని వెనక ఎంతో మంచి కారణం ఉంది. ఎదుటి మనిషి ఏడుస్తున్నప్పుడు మాత్రం అది గుర్తుకు రాదు.

మొన్న మంగళవారం ఒకావిడ ఐదో నెల నిండిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ప్రశ్నలు నేను కూతుర్ని అడుగుతున్నాను, జవాబులు తల్లి ఇస్తోంది.

"మీ వైపు ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉందా అమ్మా?"

"మా ఇంటావంటా లేదు."

"మీకు మేనమామలున్నారా?"

"ఇద్దరుండేవాళ్ళు. పోయారు పాపం."

"ఎలా పోయారు?"

"పెద్దోడు సైకిల్ మీంచి పడి. చిన్నోడు పన్ను పీకించుకుని."

"పన్ను పీకించుకుంటే పోతారా?"

"నెత్తురాగలేదులే."

"మరి జబ్బు లేదన్నారు కదమ్మా!"

"ఉన్నవాళ్ళు పోయాక ఇంకా జబ్బెక్కడుంటుంది తల్లీ?"

కూతురు అప్పుడు నోరు విప్పింది. "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వెప్పుడడిగావే?"

ఆ తల్లిని తప్పుపట్టలేను. తప్పు మా దరఖాస్తుది. అందులో పదకొండో గడి ఇలా ఉంటుంది: "కుటుంబమునందు చెప్పుకోదగ్గ వ్యాధులు ఏవైనా ఉన్నచో వివరములు." దాన్ని రాసిన అధికారి దృష్టిలో చెప్పుకోదగ్గవి అంటే ముఖ్యమైనవి. జనం మాత్రం ఆ మాటను ఉన్నదున్నట్టు చదువుతారు, నలుగురిలో చెప్పుకోవడానికి తగినవి అని. ఆ ప్రకారం షుగరు చెప్పుకోదగ్గది, పడిశం మరీ చెప్పుకోదగ్గది. ఇద్దరు మేనమామలు నెత్తురాగక పోవడం చెప్పుకోదగ్గది కాదు. పోయిన ఏడాది నేను చూసిన నాలుగు వందల దరఖాస్తుల్లో మూడు వందల ఎనభైలో "చెప్పుకోదగ్గవి ఏమీ లేవు" అని ఉంది. ఇంత ఆరోగ్యవంతమైన జనాభాకు ఆస్పత్రి ఎందుకు కట్టారో తెలియదు. ఆ మాట మార్చమని పైవారికి రెండు పేజీల నివేదిక సమర్పించాను. కమిటీ వేశారు. కమిటీ మూడుసార్లు సమావేశమై "చెప్పుకోదగ్గ" తీసేసి "ఉల్లేఖనీయ" అని పెట్టింది. ఇప్పుడు ఆ మాట ఎవరికీ అర్థం కాక, ఎవరూ ఏమీ రాయడం లేదు. వ్యాధులు గణనీయంగా తగ్గినట్టు వార్షిక నివేదికలో అచ్చు వేశారు.

ఇంతసేపూ నేను ఎందుకు హాస్యమాడుతున్నానో నీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ తప్పు చేసినప్పుడే నాకు జోకులు బాగా వస్తాయి.

మూడు వారాల క్రితం నువ్వు మీ ఆస్పత్రి వరండాలోంచి ఫోన్ చేశావు. మీకింకా పాత దరఖాస్తే ఇస్తున్నారు. "అక్కా, పదకొండో గడి వచ్చింది. అన్నయ్య గురించి రాయాలా?" అన్నావు. వెనకనుంచి ఎవరో "తొందరగా కానివ్వండమ్మా" అంటున్నారు. "అన్నయ్యది జబ్బు కాదుగా, పడ్డాడుగా. చెప్పుకోదగ్గవి ఏమీ లేవని రాసెయ్" అన్నాను. "సరే అక్కా" అని పెట్టేశావు. నాలుగు వందల మందిని అడ్డంగా ప్రశ్నించే మనిషి చెప్పింది కాబట్టి నీకు అనుమానం రాలేదు.

అది అబద్ధం పొట్టీ. తెలిసి చెప్పినది.

అన్నయ్య పోయేనాటికి నీకు ఐదేళ్ళు, నాకు పదిహేను, వాడికి పదిహేడు. నీకు వాడి చక్రాల కుర్చీ, ఆ కుర్చీలో వాడి ఒళ్ళో కూర్చుని నువ్వు వసారా అంతా తిరగడం గుర్తుంటాయి. నాకు అంతకుముందువి గుర్తున్నాయి. నాలుగేళ్ళప్పుడు మెట్ల మీద అమ్మ చంకలోంచి జారి పడ్డాడనీ, వెన్నుకు దెబ్బ తగిలి క్రమంగా కాళ్ళు పడిపోయాయనీ మనింట్లో చెప్పుకునే కథ. నేల మీదనుంచి లేవాలంటే వాడు ముందు తన మోకాళ్ళు పట్టుకునేవాడు, తర్వాత తొడలు, అలా తన చేతులతో తన ఒంటినే ఎగబాకి నిలబడేవాడు. "చూడవే, నా మీద నేనే ఎక్కుతున్నా" అని నవ్వేవాడు. నేను చప్పట్లు కొట్టేదాన్ని.

ఆరేళ్ళ క్రితం నన్ను ఈ ఉద్యోగం కోసం శిక్షణకు పంపారు. రెండో రోజు ఒక వీడియో వేశారు. ఎవరో తెలియని ఐదేళ్ళ పిల్లవాడు తన మీద తనే ఎక్కి నిలబడ్డాడు. అధ్యాపకుడు ఆ జబ్బు పేరు చెప్పాడు. కండరాలు ఒక్కొక్కటే క్షీణించే జబ్బు. ఆ లోపాన్ని తల్లి మోస్తుంది, తనకేమీ కాదు, కొడుకులకు వస్తుంది. చంకలోంచి జారి పడినందువల్ల వాడికి జబ్బు రాలేదు. జబ్బు వల్ల నడక తడబడుతుంటేనే అమ్మ వాణ్ణి చంకనెత్తుకుని ఆ మెట్లు దిగింది.

అప్పుడు నాకు నాలుగో నెల.

రక్తపరీక్ష చేయించుకున్నాను. అమ్మలో ఉన్న లోపం నాకు దిగింది. ఉమ్మనీరు పరీక్ష కూడా చేయించుకున్నాను. కడుపులో కదలిక మొదటిసారి తెలిసిన మూడో రోజున ఫలితం వచ్చింది. మగబిడ్డ, వాడికీ ఉంది. మీ అందరికీ "నిలవలేదు" అని చెప్పాను. నువ్వు రెండు బస్సులు మారి వచ్చి వారం రోజులు నా తల నిమిరావు. నిలవకపోవడం కాదు. నేనే వద్దనుకున్నాను. మీ బావకు తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకు రక్తపరీక్ష సంగతి వరకే చెప్పాను.

వంటింట్లో చెప్పాను. అమ్మ చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది. "అయితే నేను పడెయ్యడం వల్ల కాదా?" అంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆ మొహం తేలికపడటం చూశాను. గ్లాసు కింద పెట్టినంతసేపే. "అయితే నా ఒంట్లోంచే వచ్చిందన్నమాట" అంది ఆ వెంటనే. ఆ గ్లాసు కడిగి బోర్లిస్తూ, "చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఇది బయటికి పొక్కితే దాన్నెవరు చేసుకుంటారే? వాడు పడ్డాడనే ఉండనీ. పడేసినదాన్ని నేనేగా, నేనే పడతాను ఆ మాట" అంది. నేను ఒప్పుకున్నాను. నీ పెళ్ళయింది. పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను, విశేషం తెలిసినప్పుడు చెబుదామనుకున్నాను, వరండాలోంచి నువ్వు అడిగినప్పుడు చెప్పడానికి నోరు తెరిచాను. వచ్చిన మాట ఏమిటో నీకు తెలుసు.

ఇక నీ కోరిక. "కొడుకు పుడితే అచ్చం అన్నయ్య పోలికలు రావాలని ఉందక్కా" అని రాశావు. గురువారం నుంచి ఆ వాక్యం తర్వాత నేను ఇంకేమీ చదవలేకపోయాను.

లెక్క చెబుతాను, నాకు చేతనైనది అదొక్కటే. ఈ లోపం నీకు వచ్చి ఉండే అవకాశం రెండింట ఒకటి. నీకు ఉండి, బిడ్డ మగవాడైతే, వాడికి వచ్చేది మళ్ళీ రెండింట ఒకటి. ఆడపిల్లయితే దాదాపు ఎప్పుడూ మనలాగే నడుస్తుంది, మనలాగే మోయవచ్చు కూడా. బిడ్డ మగవాడయ్యేదీ రెండింట ఒకటే కాబట్టి, అన్నీ కలిపితే ఎనిమిదింట ఒకటి. రెండు వైపులా చెప్పాలని నియమం కాబట్టి ఎనిమిదింట ఏడు అని కూడా చెబుతున్నాను. నా బల్ల అవతల కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఆ ఏడు ఊరటనిస్తుంది. నీకూ ఇవ్వాలని ఉంది.

దీంతోపాటు నా రక్తపరీక్ష కాగితం జతచేశాను. ఫోనులో చెప్పకపోవడానికి ఇదొక కారణం, లోపం ఎక్కడుందో ఆ కాగితంలో ఉంటే మీ డాక్టరుకు నీ రక్తంలో సరిగ్గా అక్కడే వెతకడం తేలిక. ఫలితానికి పది రోజులు పడుతుంది. నీకు లేదని తేలితే అక్కడితో సరి. ఉందని తేలితే, మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు పరీక్ష చేసే వారాలు అప్పటికి ఇంకా మిగిలే ఉంటాయి. అవి దాటినా ఉమ్మనీరు పరీక్ష ఉంది, కానీ అప్పటికి నువ్వు కదలికల కోసం పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంటావు. నేను నిలబడ్డ ఆ చోటు నీకు వద్దు.

పరీక్షలే వద్దనుకున్నా అది నీ హక్కు. ఫలితం ఏదైనా, ఆ తర్వాత ఏం చేయాలో నేను చెప్పను. నియమావళి వల్ల కాదు. నేను చేసింది సరైనదో కాదో ఆరేళ్ళయినా నాకు తెలియదు.

నిన్న అమ్మకు ఈ ఉత్తరం సంగతి చెప్పాను. "ఇప్పుడు చెప్పి ఏం ఉద్ధరిస్తావే? దాని కాపురం ఏమవుతుంది?" అంది. "ఇంకో నెల పోతే దానికి ఆలోచించుకునే టైము కూడా ఉండదమ్మా" అన్నాను. చాలాసేపు మోకాళ్ళు రాసుకుంటూ కూర్చుంది. చివరికి "నా మీద కోపం తెచ్చుకోమను. నీ మీద వద్దని రాయి" అంది. రాశాను. నువ్వు పాటించనక్కర్లేదు.

మా మరిదికి నువ్వే చెబుతావో, నన్ను చెప్పమంటావో నీ ఇష్టం. నేను సోమవారం ఉదయం బస్సుకు బయలుదేరుతున్నాను. తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను. పరీక్ష చేయించుకుంటానంటే బుధవారం లోపు రక్తం ఇవ్వాలి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు నాతో మాట్లాడనక్కర్లేదు, నా పక్కన నడవనక్కర్లేదు, పది అడుగులు వెనకే వస్తాను. నన్ను క్షమించడానికి గడువేమీ లేదు. రక్తానికి ఉంది.

ఇట్లు,
ఈసారికి ఏ హోదా లేకుండా,
నీ అక్క