కొంగమెడ స్క్రూడ్రైవరు

సోమవారం

చిరంజీవి ప్రూఫమ్మకు,

పెదనాన్న ఆశీస్సులు. మేం కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ అమ్మ చెప్పింది కాబట్టి సగమే నమ్మాను.

మెయిల్ పంపకుండా ఉత్తరం ఎందుకు రాశానా అనుకుంటున్నావు కదూ. మెయిల్ అయితే వాడు చదువుతాడు. వాడి పేరు రాయను. చెప్పులూ, సబ్బులూ, పుస్తకాలూ అన్నీ తానొక్కడే అమ్మే ఆన్‌లైన్ అంగడి వాడు. వాడు నిన్న నోటీసు పంపాడు. ఆర్డరు వచ్చాక ప్రింటు చేసే పుస్తకాలన్నీ ఇకమీదట వాడి సొంత ప్రెస్సులోనే ప్రింటు కావాలట. లేకపోతే వచ్చే ఒకటో తారీఖున మన పుస్తకం పక్కనున్న 'కొనండి' బటన్ తీసేస్తాడట. పుస్తకం కనిపిస్తుంది, బొమ్మ కనిపిస్తుంది, కొనడానికి మాత్రం ఉండదు.

మన పద్ధతి నీకు తెలుసు. ఆర్డరు వస్తుంది, ఎదురింటి ప్రెస్సాయన ఒక్క కాపీ ప్రింటు చేస్తాడు, నేను పార్సెల్ కడతాను. ఒకటి అడిగితే ఒకటి. ఇప్పుడు ఫైలు వాడికిస్తే పది ప్రింటు చేసి మనకు ఒకటే చూపించడని నమ్మకమేమిటి? మీ పెద్దమ్మను అడిగితే, "మరి మీ ప్రెస్సాయన అన్నీ చూపిస్తున్నాడని నమ్మకమేమిటి?" అంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

ఫైలు నీ దగ్గరే ఉంది. నేను చెప్పేదాకా ఎవరికీ పంపకు.

ఇట్లు,
పెదనాన్న

తా.క. కవరుని అట్టలంటించే జిగురుతో అంటించాను. సులువుగా ఊడివస్తే ఎవరో ముందే చదివారని అర్థం.

* * *

గురువారం

పూజ్యులైన పెదనాన్నగారికి,

నమస్కారాలు. కవరు ఊడి రాలేదు. కత్తెరతో కోస్తే మీ మొదటి పేరా కూడా కొంచెం తెగింది. మిగిలినది చదివాను.

మీరు కోప్పడరంటే ఒక మాట చెబుతాను. మన దగ్గర అమ్ముడయ్యేది ఒక్క పుస్తకమే, పెద్దమ్మ రాసిన 'కుట్టుమిషను మరమ్మతు: మీ చేతులతో మీరే'. పదిమంది కొంటే తొమ్మిదిమంది ఆ అంగడిలోనే కొంటున్నారు. బటన్ పోతే మన ప్రచురణ సంస్థ మూతపడుతుంది. ప్రెస్సాయన ముసలితనంలో వేరే పని వెతుక్కోవాలి. నోటీసు నాకూ నచ్చలేదు. కానీ ఫైలు ఇవ్వడం తప్ప దారి కనపడడం లేదు.

మీ జవాబు కోసం చూస్తాను.

నమస్కారాలతో,
మీ అమ్మాయి

తా.క. అక్కడ పుస్తకం కింద పాఠకులు రాసిన మాటలు మీరు చూడరని తెలుసు. ఎక్కువమంది మెచ్చుకున్నారు. కొందరు మాత్రం పద్నాలుగో పేజీ గురించి ఘాటుగా రాశారు. తర్వాత చెబుతాను.

* * *

ఆదివారం

చిరంజీవి ప్రూఫమ్మకు,

ఆశీస్సులు. సరే, పంపు. ఇష్టంతో కాదు, గత్యంతరం లేక. ప్రెస్సాయనకు ఈ సంగతి నేనే చెప్పాను. ఆయన మిషను మీద గుడ్డ కప్పి, మళ్ళీ తీసి, మళ్ళీ కప్పాడు.

అయినా నువ్వు భయపడకు. నేనేమీ అమాయకుణ్ణి కాదు. మన పుస్తకాన్ని ఎవడైనా దొంగచాటుగా ప్రింటు చేస్తే పట్టుకోవడానికి పాతికేళ్ళ కిందటే ఒక ఏర్పాటు చేసిపెట్టాను. అదేమిటో ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. మీ పెద్దమ్మకు కూడా తెలియదు. నీకూ చెప్పను. నీమీద అనుమానం కాదమ్మా, నువ్వు నిద్రలో మాట్లాడతావని మీ అమ్మ ఒకసారి అంది.

పెదనాన్న

తా.క. పెద్దమ్మ ముందుగదిలో మూడు మిషన్లు విప్పి పెట్టుకుంది. అన్నం ఎవరు వండుతారో తెలియడం లేదు. నేనే అయ్యేట్టున్నాను.

* * *

బుధవారం

పూజ్యులైన పెదనాన్నగారికి,

నమస్కారాలు. ఫైలు పంపాను. అంగడి వాళ్ళు ఒప్పుకున్నారు. బటన్ అలాగే ఉంది. ఒకటో తారీఖు గండం గడిచినట్టే.

పంపే ముందు ప్రూఫు మరోసారి చూసి, చిన్న చిన్న తప్పులు సరిచేశాను. పెద్ద విషయమేమీ కాదు. అలవాటు కొద్దీ చేశాను.

ఇక మీరు నిశ్చింతగా పడుకోండి.

నమస్కారాలతో,
మీ అమ్మాయి

తా.క. మా ఆఫీసులో అందరూ నేను నెమ్మదిగా మాట్లాడతానంటారు. నిద్రలో మాట్లాడేంత ధైర్యం నాకు లేదు.

* * *

శనివారం

చిరంజీవి ప్రూఫమ్మకు,

దొరికాడు! దొంగ దొరికాడు!

మొదటినుంచీ చెబుతాను. నేను అంగడిలో మన పుస్తకం కోసం వెతికాను. ఒకే పేరుతో రెండు కనిపించాయి. ఒకటి మామూలు అట్టది, రెండోది పక్కన వైరు చుట్టలు వేసిన స్పైరల్ బైండింగ్‌ది. నేను కొన్నట్టు తెలియకూడదని ఒకటి ప్రెస్సాయన పేరు మీద, ఇంకొకటి మీ పెద్దమ్మ పుట్టింటి పేరు మీద తెప్పించాను. రెండూ ఒక్కరోజే వచ్చాయి. తెచ్చినావిడ, "రెండూ మీవేగా సార్?" అంది. ఎలా కనిపెట్టిందో ఏమో. ఆవిడ మీద కూడా కన్నేసి ఉంచాను.

తలుపేసుకుని రెండూ పరీక్షించాను. స్కేలు పెట్టి కొలిచాను, కాగితం వాసన చూశాను. తర్వాత పద్నాలుగో పేజీ తీశాను. ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి విను. ఆ పేజీలో మరమ్మతుకు కావలసిన పనిముట్ల జాబితా ఉంది కదా. అందులో తొమ్మిదోది 'కొంగమెడ స్క్రూడ్రైవరు'. అలాంటి పనిముట్టు ప్రపంచంలో లేదు! నేనే కల్పించాను. మనకు తెలియకుండా కొత్తగా అచ్చు కూర్చి వేసుకునేవాడు దాన్ని చూసి, ఇదేదో తప్పని తీసేస్తాడు. తీసేసినవాడే దొంగ. అదీ నా వల.

మామూలు అట్ట పుస్తకంలో కొంగమెడ లేదు! స్పైరల్ దాంట్లో శుభ్రంగా ఉంది. అంటే స్పైరల్‌ది మనది, కొత్త బైండింగ్ వాళ్ళే వేసి ఉంటారు. అట్టది దొంగ సరుకు.

ఆలస్యం చెయ్యకుండా అంగడికి ఫిర్యాదు పెట్టాను. అట్ట పుస్తకం నకిలీ అనీ, స్పైరల్‌ది అసలైనదనీ, ప్రచురణకర్తగా నేనే ధ్రువీకరిస్తున్నాననీ రాసి, సంతకం చేసి, రెండు చోట్ల ముద్ర కొట్టాను. వాడిలాంటి వాడు కూడా నాలుగు గంటల్లో జవాబిచ్చాడు. 'మీ ఫిర్యాదు న్యాయమైనది' అన్నాడు. ఇన్నాళ్ళూ వాణ్ణి అనవసరంగా ఆడిపోసుకున్నానేమో అనిపించింది.

పెదనాన్న

తా.క. మూడో చోట కూడా ముద్ర కొడదామనుకున్నాను. ఇంకు అయిపోయింది.

* * *

మంగళవారం

పూజ్యులైన పెదనాన్నగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

అట్ట పుస్తకం మనది. కొంగమెడను తీసేసింది నేను.

పాఠకులు ఘాటుగా రాశారన్నానే, అది దాని గురించే. ఒకాయన ఏడు దుకాణాలు తిరిగాడట. ఒకావిడ, 'రాసినావిడకు మిషనంటే ఏమిటో తెలుసా?' అని అడిగింది. నేను పెద్దమ్మకు ఫోన్ చేసి అడిగాను. "కొంగమెడా? కొంగకు మెడ ఉంటుందిగానీ స్క్రూడ్రైవరుకెందుకే? నేనలాంటిది రాయలేదు," అన్నారు. నేను అచ్చుతప్పనుకుని తీసేశాను. చిన్న చిన్న తప్పులని మీకు రాసింది దీని గురించే. క్షమించండి.

పెద్దమ్మకు ఆ తర్వాత అనుమానం వచ్చినట్టుంది. "మీ పెదనాన్న అప్పట్లో ప్రూఫులు నాకు చూపించకుండా పట్టుకెళ్ళారు," అన్నారు. ఆ గొంతు నాకు నచ్చలేదు.

ఇప్పుడు పరిస్థితి ఇదీ. స్పైరల్‌ది మన పాత కాపీని పేజీ పేజీ ఫోటో తీసి వేసిన నకలు. దాన్ని మీరు అసలని ధ్రువీకరించారు. మన పుస్తకాన్ని మీరే నకిలీ అన్నారు. అంగడి వాళ్ళు మన బటన్ తీసేశారు. ఇన్నేళ్ళలో వాళ్ళు మన మాట విన్నది ఇదే మొదటిసారి.

నేను పదకొండుసార్లు రాశాను. పదకొండుమంది పదకొండు పేర్లతో, 'మీ ఆవేదన మాకు అర్థమైంది' అని జవాబిచ్చారు. పన్నెండోసారి, ప్రచురణకర్తే స్వయంగా ఆ పుస్తకాన్ని నకిలీ అన్నారు కాబట్టి ఇక ఉత్తరప్రత్యుత్తరాలు లేవన్నారు.

స్పైరల్ పుస్తకం వచ్చిన కవరు మీరు పారేసి ఉండరని నా నమ్మకం. దాని వెనక అమ్మినవాళ్ళ చిరునామా ఉంటుంది. వాళ్ళొచ్చి అది నకలని ఒప్పుకుంటే తప్ప మనకు బటన్ రాదు. మీరు వెళ్ళగలరా? నెమ్మదిగా మాట్లాడండి. ముద్ర తీసుకెళ్ళకండి.

నమస్కారాలతో,
మీ అమ్మాయి

తా.క. అంగడిలో ఇప్పుడు కొంగమెడ స్క్రూడ్రైవరు అమ్ముతున్నారు. చాలామంది వెతికారని ఎవరో తయారుచేశారట. రెండు రకాలు. రబ్బరు పిడిది త్వరగా అయిపోతోందట.

* * *

శుక్రవారం

చిరంజీవి ప్రూఫమ్మకు,

ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే వెళ్ళివచ్చాను. ఒక్కణ్ణే వెళ్దామనుకున్నాను. మీ పెద్దమ్మ ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బస్సులో గంటన్నర. దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, "పాతికేళ్ళు జనం నన్ను తిట్టుకున్నారన్నమాట," అంది. జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోగా రోడ్డు దాటేసింది.

టైర్ల దుకాణం మీద మేడ. బోర్డు మీద 'కుట్టు శిక్షణ' అని ఉంది. దొంగను ఏమనాలో నేను బస్సులో నాలుగుసార్లు మనసులో అనుకుని పెట్టుకున్నాను. తలుపు తీసింది అక్కడి టీచరమ్మ, సన్నటి ఆవిడ, మెడలో టేపు.

"ఎవరండీ మీరు?"

"ఈ పుస్తకం ప్రచురణకర్తని," అన్నాను బరువుగా.

"గుర్తింపు కార్డు చూపించండి."

చూపించాను. వెనక్కి తిప్పి చూసింది, వెలుతురులో పెట్టి చూసింది. "ఫొటోలో ఉన్నది మీరేనా?" అంది. దొంగే అయినా మనిషి మంచిదనిపించింది.

లోపల పద్దెనిమిది మిషన్లు, పద్దెనిమిదిమంది ఆడవాళ్ళు. ఒక్కొక్క మిషను పక్కన మన పుస్తకం, స్పైరల్‌ది, తెరిచి పరిచి ఉంది. నూనె మరకలు, దారం ముక్కలు. నేను గట్టిగా, "అనుమతి లేకుండా ఎలా వేశారమ్మా?" అన్నాను.

"ఎలా వెయ్యకుండా ఉంటానండీ? మీ అట్ట పుస్తకం పక్కన పెడితే మూసుకుపోతుంది. రెండు చేతులూ మిషన్లో ఉంటే పేజీ ఎవరు పట్టుకుంటారు, మీరొచ్చి పట్టుకుంటారా? రెండేళ్ళ కిందట మీకు ఉత్తరం రాశాను, స్పైరల్‌ది వేస్తారా అని. జవాబు రాలేదు. మా వాళ్ళకు పోను మిగిలినవి అంగడిలో పెట్టాను, తప్పే. రాసినావిడకు చేరవలసిన డబ్బు నా దగ్గరే విడిగా ఉంచాను. కానీ ఆవిడెవరో, ఎక్కడుంటారో నాకెవరు చెబుతారు?"

ఉత్తరం నిజమే. నాకు గుర్తుంది. ఊరూ పేరూ తెలియని మనిషి బైండింగ్ గురించి ఎందుకడుగుతోందా అని అనుమానమొచ్చి పక్కన పడేశాను.

అప్పుడు మీ పెద్దమ్మ నెమ్మదిగా, "నేనేనమ్మా," అంది.

పద్దెనిమిది మిషన్లూ ఒక్కసారి ఆగిపోయాయి. అందరూ లేచి నిలబడ్డారు. ప్రూఫమ్మా, మీ పెద్దమ్మ కోసం ఎవరైనా లేచి నిలబడడం నేను ఇంతవరకూ చూడలేదు. నేను కూడా ఎప్పుడూ లేవలేదు. ఆవిడకు ఏం చెయ్యాలో తోచక మూలనున్న పాడైన మిషను దగ్గర కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. వాళ్ళంతా చుట్టూ చేరారు. సాయంత్రం నాలుగింటిదాకా నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తులేదు. టైర్ల దుకాణం ఆయన పాపం టీ పోశాడు.

ఇక అసలు సంగతి. టీచరమ్మకు తెలిసిన కుట్టు బడులు పదకొండున్నాయి. ప్రతి విడతకూ పుస్తకాలు కావాలి, స్పైరల్‌వే కావాలి. అంగడి ప్రెస్సులో స్పైరల్ వెయ్యరట. మన ప్రెస్సాయన వేస్తాడు. అంగడిలో ఆవిడ తన పుస్తకం తీసేసి, తప్పు ఒప్పుకుంటూ వాళ్ళకు రాసిస్తానంది. దాంతో మన బటన్ వస్తే రానీ, రాకపోతే పోనీ. పదకొండు బడులతో ప్రెస్సు ఆగకుండా తిరుగుతుంది. తిరిగొచ్చి ఈ మాట చెప్పగానే ప్రెస్సాయన మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టి, తిన్నగా వాళ్ళింట్లో ఇచ్చేశాడు.

టీచరమ్మ అప్పటికప్పుడు ఒప్పందం రాసింది. మీ పెద్దమ్మ సంతకం చేసింది. నన్నూ చెయ్యమన్నారు. చదువుతానన్నాను. "చదవక్కర్లేదు, చెయ్యండి," అంది మీ పెద్దమ్మ, బస్సు దిగేటప్పటి గొంతుతో. చదవకుండా సంతకం పెట్టడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

పెదనాన్న

తా.క. తిరుగు బస్సులో మీ పెద్దమ్మ నిద్రపోయాక ఒప్పందం తీసి చదివాను. రచయిత్రి, మీ పెద్దమ్మ. అమ్మకాలు, టీచరమ్మ. ప్రూఫులు, నువ్వు. ప్రచురణకర్త అన్నచోట కూడా మీ పెద్దమ్మ పేరే ఉంది. కింద, 'పార్సెళ్ళు కట్టువారు' అన్నచోట నా సంతకం ఉంది. రేపు ఎనిమిదింటికల్లా పనిలోకి రమ్మన్నారు.