ఆరో సాంచె నడక

జూన్ 9, 2025. సోమవారం

సుస్మిత వచ్చింది. మనవరాలు సెలవుకు వచ్చిందంటే సంచీలో బట్టలుండాలి. దీని వెంట రెండు పెట్టెలు, ఒక స్పీకరు, పాము పిల్లల్లాంటి వైర్లు, వాటి అడుగున ఎక్కడో రెండు జతల బట్టలు. పెట్టె తెరిచి ఎలక్ట్రిక్ వయొలిన్ చూపించింది. తీగలు అయిదు. పొట్ట లేదు, ఎముకలు మాత్రమే ఉన్నాయి. హాస్టల్ తిండి తిన్నట్టుంది నీ ఫిడేలు అన్నాను. నవ్వలేదు. అప్పుడే ఏదో ఉందనుకున్నాను.

ప్రాక్టీసుకు చోటు కావాలట. ఇంట్లో వద్దట, నేను వింటానని. ఇంటి వెనుక షెడ్డు అడిగింది. మా ఆయన జనార్దన్ సాంచెలు నడిపిన షెడ్డు. పవర్‌లూమ్ అని పేపర్లో రాస్తారు, సిరిసిల్లలో ఎవరూ అనరు. ఆయన పోయాక సాంచెలన్నీ తుక్కు కింద పోయాయి. ఇప్పుడక్కడ నేలలో బోల్టుల గుంతలు, పైన రేకులు, మధ్యలో గబ్బిలాలు. తీసుకోమన్నాను.

జూన్ 11

షెడ్డు గోడకు నలుగురి బొమ్మలు అంటించింది. జాన్ లుక్ పాంటీ, జెర్రీ గుడ్‌మన్, ఎడ్డీ జాబ్సన్, ఎల్. శంకర్. ప్రోగ్రెసివ్ రాక్‌లో, ఫ్యూజన్‌లో వయొలిన్ అంటే వీళ్లేనట. ఒకాయన చేతిలో నీలం ఫిడేలు. ఒకాయనది గాజులాంటిది, అవతలి చొక్కా గుండీలు కూడా కనిపిస్తాయి. మన శంకర్‌ది రెండు మెడల ఫిడేలు. వీళ్లలో ఎవరు గొప్ప అని అడిగితే పొద్దున ఒక పేరు, సాయంత్రం ఒక పేరు చెబుతుంది. మా కాలేజీలో ప్రిన్సిపాల్ పోస్టుకు కూడా ఇంత కొట్లాట జరగలేదు.

వినిపించింది. నాకు నచ్చదనుకుంది. ఒప్పుకోవాలి, నచ్చింది. పక్కన డ్రమ్ములవాడు ఇల్లు కూలగొడుతున్నా ఆ ఫిడేలు చెప్పుల చప్పుడు కాకుండా వచ్చి సమం మీద కూర్చుంటుంది. సమం అంటే తాళం మళ్లీ మొదలయ్యే చోటు. ఏడుకు వాయించనీ, పదకొండుకు వాయించనీ, వీళ్లు ఇంటి దారి మరిచిపోరు. గొప్పతనమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. నన్నెవరూ అడగలేదు.

సుస్మిత దారి మరిచిపోతుంది. రాత్రి అన్నం కలుపుతూ చెప్పింది. బ్యాండులో కొత్త పాట ఏడు దెబ్బల తాళం. సోలోలో సగానికి వచ్చేసరికి దీనికి సమం ఎక్కడుందో తెలియడం లేదట. నెలాఖరులోగా ఆ సోలో తప్పు లేకుండా రికార్డు చేసి పంపాలి. లేకపోతే దీని చోటుకు చెన్నై నుంచి ఎవరో వస్తున్నారు. ఈ బ్యాండు కోసం ఇంజినీరింగ్ మధ్యలో మానేసింది. వాళ్లమ్మ, అంటే నా బిడ్డ రాధిక, ఆ సంగతి మీద దీనితో ఇంకా మాట్లాడటం లేదు. అన్నం అలాగే వదిలేసి లేచింది.

జూన్ 14

ఈ రోజు సమం తప్పలేదు. వంటింట్లో చెవులు రిక్కించి లెక్కపెట్టాను. ప్రతిసారీ సరిగ్గా వచ్చి దిగింది. ఏమిటీ మాయ అని అడిగాను. షెడ్డులో ఎకో బాగుందట, తాళం దానంతట అదే వినిపిస్తుందట.

ఫోన్‌లో ఏదో యాప్ ఉంటుంది. ఈ కాలం పిల్లలకు శ్వాసకు కూడా యాప్ కావాలి.

జూన్ 17

రికార్డింగు వినిపించింది. చెవులకు హెడ్‌ఫోన్లు తనే పెట్టింది. ఫిడేలు కింద, దూరంగా, ఒక చప్పుడు. తకిట, తకధిమి. తకిట, తకధిమి.

హెడ్‌ఫోన్లు తీసేశాను. చెవి పోటు అని చెప్పాను.

అది ఆరో సాంచె. నాడెను, అంటే అడ్డపోగును అటూ ఇటూ మోసేదాన్ని, కొట్టే కర్ర ఒక వైపు అరిగిపోయి, నాడె పోయేటప్పుడు తొందరగా పోయేది, వచ్చేటప్పుడు ఆలస్యంగా వచ్చేది. మూడు, నాలుగు. కుంటి నడక. మిగతా సాంచెల మీద పనివాళ్లుండేవారు, దాన్ని మాత్రం ఈయన ఇంకొకరికి ఇవ్వలేదు. బాగు చేయించమంటే దాని నడక బాగుందనేవాడు. పెళ్లాం నడకను ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు.

జగిత్యాల డిగ్రీ కాలేజీలో జీవితమంతా ఫిజిక్స్ చెప్పినదాన్ని. వెనుక గల్లీలో గణేశ్ షెడ్డు ఉంది. అతని సాంచెల చప్పుడు మా రేకులకు తగిలి అనునాదం చేస్తుంది. అంతే. ఇది రాశాక మనసు కుదుటపడింది.

జూన్ 18, పొద్దున 11.40

కరెంటు పోయింది. గల్లీలన్నీ ఆగాయి. మా షెడ్డు ఆగలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

పెరట్లో నిలబడి విన్నాను. కరెంటు పోతే సిరిసిల్లలో కాకి అరుపు కూడా కొత్తగా వినిపిస్తుంది. ఎక్కడా ఒక్క సాంచె లేదు. స్పీకరు చచ్చింది కాబట్టి సుస్మిత ఫిడేలు ఈగ మోతలా సన్నగా ఉంది. దాని కింద మూడు, నాలుగు. మూడు, నాలుగు. తలుపు తీశాను. బోల్టుల గుంతల మధ్య, సరిగ్గా ఆరోదాని చోట, గోడవైపు తిరిగి నిలబడి వాయిస్తోంది. చప్పుడు అక్కడి నేలలోంచి వస్తోంది. అరికాళ్లకు తెలిసింది.

సుస్మిత వెనక్కి తిరగలేదు. దాని జుట్టు నిండా దూది నూగు. ఆ షెడ్డులోకి పోగు వచ్చి మూడేళ్లయింది.

అనునాదం సిద్ధాంతాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

జూన్ 20

రాధిక ఫోన్ చేసింది. పిల్ల తింటోందా అని అడిగింది. తింటోందని అబద్ధం చెప్పాను. రెండు రోజులుగా ఛాయ్ మీదే ఉంది. పంపించెయ్యమ్మా అన్నది. ఎవరు పోతానంటున్నారు.

మేడ మీద వాయించి చూడమని సుస్మితను బలవంతాన తీసుకెళ్లాను. నాలుగో ఆవర్తంలోనే దారి తప్పింది. ఫిడేలు దించి ఏడవలేదు, అదీ నాకు భయం. తల కొంచెం పైకెత్తి షెడ్డువైపు చెవి పెట్టింది. గడ్డం ఒక పక్కకు. పోగు తెగిందేమోనని జనార్దన్ సరిగ్గా అలాగే వినేవాడు.

జూన్ 21

వాకిలి ఊడుస్తుంటే షెడ్డు గడప దగ్గర ఏదో పొడుగ్గా చీపురుకు చుట్టుకుంది. ఫిడేలు కమాను వెంట్రుకలు. గుర్రం తోకవట, తెగుతుంటాయట. ఒక్కొక్క వెంట్రుక కొసకు ఒక నూలు పోగు కట్టి ఉంది. నేత ముడి. కోరుట్లలో మా నాయన మగ్గం దగ్గర, పలక పట్టకముందే నేర్చుకున్న ముడి అది. చిన్నది, చదునైనది, వేలికి తగలదు.

సుస్మితను అడిగాను. ముడి చూసి అదేమిటని నన్నే అడిగింది. నిజమే. దీనికి బూటు లేసు కట్టుకోవడమే సరిగ్గా రాదు.

జూన్ 23

ఇది రాయాలా వద్దా అని మధ్యాహ్నం నుంచి కూర్చున్నాను.

పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. షెడ్డులోంచి సుస్మిత పిలిచింది. గొంతు దానిదే.

"లెక్చరమ్మా, ఛాయ్ వెడ్తవా?"

చేతిలో చీర కింద పడింది. ఆ పేరుతో నన్ను ఒక్క మనిషి పిలిచేవాడు. అదీ సాంచెలు నడుస్తున్నప్పుడే, ఆ మోతలో ఇంకెవరికీ వినపడదని. పిల్లల ముందు ఏనాడూ అనలేదు. అంత ధైర్యం లేదు ఆయనకు.

ఛాయ్ తీసుకెళ్లాను. ఏమని పిలిచావే అన్నాను. నేనెప్పుడు పిలిచాను అమ్మమ్మా అన్నది. గ్లాసును మాత్రం పై అంచున రెండు వేళ్లతో పట్టుకుంది. చేతికి నూనె ఉన్నవాళ్లు పట్టుకున్నట్టు.

జూన్ 24

సత్యవ్వను పిలిపించాను. మా సాంచెల మీద పోగులు అతికిన మనిషి. ఇప్పుడు తంగళ్ళపల్లిలో కొడుకు దగ్గర ఉంటుంది. పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు సాంచె మీద పాత పోగుల కొసలు కొన్ని ఉంచేస్తారు. కొత్త పడుగును ఆ కొసలకు ఒక్కొక్క పోగుగా ముడివేస్తారు. కొస లేకుండా సాంచెను ఉత్తగా వదలరు. ఎక్కించిన పడుగును మధ్యలో ఆపరు, గుడ్డ కొనేవాడు లేకపోయినా నేసి దించుతారు. ఇవన్నీ నాకూ తెలుసు. తెలియనిది ఒకటే. సాంచెలు పోయిన రోజు నేను కరీంనగర్‌లో కంటి ఆపరేషన్ చేయించుకుని పట్టీతో పడుకున్నాను. రాధికే దగ్గరుండి తుక్కు వాళ్లకు ఇచ్చింది.

సత్యవ్వ మొదట వక్క నమిలింది. తరువాత తన మోకాళ్ల నొప్పి చెప్పింది. కోడలి సంగతి చెప్పింది. చివరికి అసలు మాటకు వచ్చింది. మిగతావన్నీ ఖాళీగానే ఉన్నాయట. ఆరోదాని మీద మాత్రం ఈయన చివరి పడుగు సగం నేసినది అలాగే ఉందట. ఆ నేత మీదే కదా గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. నేసి దింపుదామని తను అన్నదట. రాధిక తొందరలో ఉందట, లారీ బయట నిలబడిందట.

"కత్తి వెట్టి పర్రపర్ర కోసిండ్రు రాజలక్ష్మక్కా. కొస గూడ ఉంచలే."

వాళ్లకు అది ఇనుము. రాధికకు అది తుక్కు. తప్పు అని తెలియాల్సింది నేత ఇంటి బిడ్డకే. రాధికది బ్యాంకు ఉద్యోగం, దానికి ఎవరు చెప్పారు?

ధర్మపురి గోదావరిలో అస్థికలు నేనే దగ్గరుండి కలిపించాను. అంతా అయిపోయిందనుకున్నాను. మనిషి అతుక్కునే కొస కోసం ఇక్కడే వెతుక్కుంటున్నాడు. దొరికింది కమాను వెంట్రుక. రేపు పిల్ల జుట్టు.

జూన్ 25, మధ్యాహ్నం

సుస్మితను మందుల పేరు చెప్పి బజారుకు పంపి షెడ్డులోకి వెళ్లాను. గోడ మీద నలుగురు మహానుభావులు చూస్తున్నారు. వాయించేవాళ్లు లేరు. చప్పుడు నడుస్తోంది. మూడు, నాలుగు.

ఆరోదాని చోట నిలబడ్డాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. బతికున్నప్పుడే ఈయన నా మాట వినేవాడు కాదు. మిగిలిన పడుగు నేసుకో, ఎవరూ ఆపరు అని చెప్పాను. ఆ పిల్లకు దాని తాళం దానికి రావాలి, నీ తాళం మీద ఎన్నాళ్లు నడుస్తుంది అని అడిగాను. ఇంకా చాలా అన్నాను. తిట్లు రాయను, చదువుకున్నదాన్ని. చివరికి ఇది అన్నాను:

"పిల్లను ఇడిశిపెట్టు. కొసనే గావాల్నంటే నేనున్న గద."

చప్పుడు ఒక్క దెబ్బ తప్పింది. ఇన్నాళ్లలో మొదటిసారి. తరువాత మళ్లీ అందుకుంది.

జూన్ 26

సుస్మిత రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. మామిడికాయ పచ్చడిలో ఉప్పెక్కువైందన్నది. దేవుడా, ఎంత చక్కగా వంక పెట్టింది.

జూన్ 27

గడప మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వద్దన్నా కదలలేదు. రికార్డింగు మొదలైంది. ఫిడేలు, కింద ఆరో సాంచె. ఒకదాని పక్కన ఒకటి నడుస్తున్నాయి. సగానికి వచ్చేసరికి చప్పుడు బరువెక్కింది. పడుగు చివరికి వచ్చినప్పుడు సాంచె మోత మారుతుంది, అది మా ఇళ్లలో నిద్రలో కూడా తెలుస్తుంది. తకిట అని ఆగిపోయింది. తకధిమి రాలేదు.

సుస్మిత ముఖం తెల్లబోయింది. కళ్లు నావైపు తిప్పింది. నేను తాళం వేయలేదు. చేతులు ఒడిలో కట్టేసుకున్నాను. వేస్తే రేపు నా చేతుల కోసం వెతుక్కుంటుంది.

కమాను ఆగలేదు. రాని ఆ నాలుగు దెబ్బలను అదే పూరించింది. ఎటో పోయింది, రేకుల దాకా ఎక్కింది, గబ్బిలాల్ని లేపింది, నేను లెక్క వదిలేశాను. సమం మీద వచ్చి దిగింది. చెప్పుల చప్పుడు లేదు.

సుస్మిత కింద కూర్చుని అన్నది:

"అమ్మమ్మా, తాళం ఆగిపోయింది. నేను ఆగలే."

జులై 4

బ్యాండు వాళ్లు సుస్మితను ఉంచుకున్నారట. చెన్నై అతన్ని రావద్దన్నారట. రాధిక ఫోన్ చేసి కూతురితో మాట్లాడింది. మాట్లాడింది అంటే తిట్టింది, కానీ అరగంట.

ఉదయం బస్సుకు ముందు మేడ మీద మళ్లీ వాయించమన్నాను. ఏడుకు వాయించింది. చుట్టూ ఊరి సాంచెలన్నీ వాటి దారిన అవి మోగుతున్నాయి. ఒక్కసారి కూడా తప్పలేదు. ఎవరి నడకా కాదు, దాని నడకే. నీ గోడ మీద అయిదో బొమ్మకు చోటుందా అంటే నవ్వింది. నలుగురి బొమ్మలూ నాకే వదిలేసి వెళ్లింది. షెడ్డుకు తాళం వేశాను. చప్పుడు లేదు.

జులై 9

చప్పుడు లేదు. రోజుకు రెండుసార్లు వెళ్లి వినడం లేదని రాయడానికి లేదు.

జులై 13

తల దువ్వుకున్నాను. దువ్వెనలో నా తెల్ల వెంట్రుక. దాని కొసకు నూలు పోగు. చదునైన ముడి, వేలికి తగల్లేదు. పోగు వంటింట్లోంచి పెరట్లోకి, తాళం వేసిన షెడ్డు తలుపు కిందికి పోయింది. కొంచెం లాగి చూశాను. అటువైపు బిగువుగా ఉంది.

ఛాయ్ రెండు గ్లాసులు పెట్టాను.