బాపు కారు ఎందుకు ఆగిందో తెలిసింది

అన్నా, నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదైంది.

సికింద్రాబాదుల తెల్లదొర దగ్గర బాపు కొన్న రెండు సీట్ల రేసు కారును నాకు నడప నేర్పింది నువ్వే. నెల తిరగకముందే అది ఆగిపోయింది. "ఇంజన్ పట్టేసింది చెల్లే, సామాను ఇంగ్లండు నుంచి రావాలె" అన్నవు. నమ్మిన. టైర్లు పాడుగాకుండ బండిని ఇటుకల మీదికెత్తి, ప్రతి ఐతారం తుడిచి, తుప్పు పట్టకుండ నూనె రాసిన. మూడేండ్లు అరుగు మీద కూసోని చూసినవు.

నిన్న నల్లగొండ మెకానిక్ వచ్చి చూసిండు. "ఇంజన్‌కు ఏం గాలేదమ్మా. లోపలి చిన్న ముక్కనెవరో తీసిండ్రు" అన్నడు.

వదిన లోపలికి పోయి, నీ పెట్టెల రుమాల్ల చుట్టిన ముక్క తెచ్చింది. "ఆడిపిల్ల కారు నడుపుతాందని దేవరకొండ ఊరంత నవ్వుతుందని దాసిండు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు" అని ఏడ్చింది.

ముక్క పెట్టి, కొత్త బ్యాటరీ ఏస్తే ఇంజన్ అందుకుంది. ఇయ్యాల వదినను పక్కన కూసోబెట్టుకొని కోట దాకా పోయొచ్చిన. నవ్వేటోళ్లు నవ్విండ్రు.

నడపకు చెల్లే అని ఒక్కమాటంటే ఆగేదాన్ని గదా అన్నా. నీ ఫోటోకు దండ వదినే ఏసింది. నాకు చెయ్యి రాలే.