రోడ్డు మీద ఎర్రగడ్డలు

ఏప్రిల్ 10, గురువారం

నిద్ర లేచి వాకిట్లోకి వస్తే రోడ్డు ఎర్రగా ఉంది.

అమ్మ పండించిన ఎర్రగడ్డలు, కాలేజీలో అందరూ ఉల్లిపాయలంటారు. మొత్తం పంట. మా ఇంటి ముందునుంచి వాటర్ ట్యాంక్ దాకా తారు రోడ్డు సగం మేర పరిచి ఉన్నాయి. నాయన పంచె ఎగగట్టి, వడ్లు లాగే చెక్కపలకతో వాటిని అటూ ఇటూ తిప్పుతున్నాడు. తిప్పినప్పుడల్లా పొట్టు లేచి గాలికి పోతోంది. ఒక్క గడ్డకీ ఆకు లేదు. పచ్చిగా ఉండగానే మెడ దాకా కోసి దిబ్బలో పోసేశాడు.

ఇదేమిటని అడిగాను. అమ్మ ఫోన్లో ఆరబెట్టమంది, ఆరబెడుతున్నాను అన్నాడు. తెల్లారకముందే లేచానని కూడా చెప్పాడు, మెచ్చుకుంటానేమోనని.

అమ్మది కర్నూలు వైపు. వాళ్ల ఊళ్లో అందరూ ఎర్రగడ్డలే వేస్తారు. అక్కడ మా అవ్వ జారిపడి తుంటి ఎముక విరిగిందని కబురొస్తే, గడ్డలు పీకిన మర్నాడే అమ్మ వెళ్లాల్సి వచ్చింది.

గడ్డలు పండిన ఇసుక చేను నాయనదీ, పెదనాయన పెంచలయ్యదీ ఉమ్మడి. పక్కనే పెదనాయన రొయ్యల గుంట. చేను కూడా తవ్వి గుంటలో కలిపేద్దామని ఆయన ఎప్పటినుంచో అంటున్నాడు. ఒక్క పంట చూడమని అమ్మ అడిగింది. ఈ ఉప్పుగాలికి ఎర్రగడ్డ పండినా నిలవుండదని ఆయన నవ్వాడు. వానల దాకా నిలిస్తే చేను అమ్మ చేతికి, కుళ్లిపోతే గుంటలోకి. ఇది అందరి ముందూ అనుకున్న మాట. ఒకసారి ఉప్పునీళ్లు పెట్టాక అందులో గడ్డి కూడా మొలవదు.

కాలేజీ బస్సు మిస్సయింది. దాని మీద కూడా కోపంగా ఉంది.

ఏప్రిల్ 11, శుక్రవారం, పొద్దున 6

మంచు పడుతుందని నాయన రాత్రంతా గడ్డల మీద టార్పాలిన్ పట్ట కప్పి ఉంచాడు. ఇప్పుడు ఎత్తి చూశాను. పట్ట లోపలివైపు చెమట పట్టి కారుతోంది.

ఏప్రిల్ 12, శనివారం

డిగ్రీలో తెలుగు స్పెషల్ తీసుకున్నాక నాకొక జబ్బు పట్టుకుంది. మాట దొరికితే విప్పి చూడందే ఊరుకోలేను.

ఎండటం వేరు, ఆరటం వేరు. ఎండటానికి ఎండ కావాలి, ఆ సంగతి మాటలోనే ఉంది. ఆరటానికి గాలి చాలు. మిరపకాయ ఎండుతుంది. చేప ఎండుతుంది. తడి చీర ఆరుతుంది, చెమట ఆరుతుంది, పుండు ఆరుతుంది. దీపం కూడా ఆరుతుంది, దానికి ఎండతో పనేముంది? బస్సులో కూర్చుని ఇవన్నీ పేర్చుకుంటూ వచ్చాను. ఇంత చక్కటి తేడా ఇంట్లోనే ఉండి నాకు ఇన్నాళ్లూ కనిపించలేదు. బస్సు దిగి నేరుగా నాయన మీదికి వెళ్లాను.

అమ్మ ఆరబెట్టమంటే నువ్వు ఎండబెట్టావన్నాను. పక్కింటి అరుగు మీద ఇద్దరు కూర్చుని వింటున్నారు. వినాలనే గట్టిగా అన్నాను.

నాయన కోప్పడలేదు.

"వడ్లని ఏం చేస్తారు మే?"

"ఆరబెడతారు."

"యాడ?"

రోడ్డు మీద. మిట్టమధ్యాహ్నం ఎండలో. మా ఊళ్లో ఆరబెట్టడమంటే అదే. పుట్టినప్పటినుంచీ వింటున్నాను. పేపర్లో కూడా అలాగే రాస్తారు.

అరుగు మీద వాళ్లు నవ్వారు. ఒకాయన, నీ పుస్తకాలు కూడా తెచ్చి ఈడనే ఆరబెట్టుకోమన్నాడు.

అన్నం తినలేదు. ఈసారి మాట మీదే కోపం వచ్చింది.

ఏప్రిల్ 13, ఆదివారం

వాసన వస్తోంది.

సాయంత్రం

నాయన గడ్డలన్నీ గోతాల్లోకి ఎత్తి వసారాలో పేర్చాడు. పెదనాయన వచ్చాడు. ఒక గడ్డ తీసి మెడ దగ్గర బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది. వేలిని గోతానికి తుడుచుకుంటూ, మీ ఎర్రగడ్డలకి వానలు రాకముందే నిద్రొచ్చినట్టుండాదే అని నవ్వాడు. ఈ వారంలోనే గుంట తవ్వే మిషన్ మాట్లాడతానన్నాడు. నాయన కూడా నవ్వాడు. అన్న నవ్వితే నవ్వడం ఆయనకు అలవాటే. కానీ ఇది అమ్మ సాగు చేసిన చేను.

పెదనాయన వెళ్లాక, కావాలనే చేశావా అని అడిగాను.

నాయన నా వంక చూశాడు. లేచి, ఒక గోతాం మూతి విప్పి లోపలికి చెయ్యి పెట్టాడు. కాగిపోతా ఉండాదన్నాడు. వడ్ల బస్తా లోపల వేడెక్కితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ముఖం మారిపోయింది. కావాలని చేయలేదని నాకు అప్పుడు అర్థమైంది.

కోపం తగ్గలేదు, పెరిగింది. కావాలని చేసిన మనిషితో అయితే తృప్తిగా పోట్లాడవచ్చు.

ఏప్రిల్ 15, మంగళవారం

అమ్మ వచ్చింది. బ్యాగు భుజాన ఉండగానే గోతాలన్నీ వసారాలో కుమ్మరించింది. ఆకు ఎవరు కోశారని అడిగింది.

వాళ్ల ఊళ్లో గడ్డల్ని ఆకుతో సహా పరుస్తారట. ఒక వరస ఆకు పక్క వరస గడ్డల మీద కప్పుతారట, ఎండ తగలకుండా. ఆకు తనంతట తాను వాడి, మెడ సన్నబడ్డాకే కోస్తారు. ఆ తర్వాత నీడ పట్టున, కింద నుంచి గాలి తగిలేలా ఉంచుతారు. అమ్మకు ఆరబెట్టడమంటే ఇదంతా. ఫోన్లో ఒక్క మాటలో చెప్పింది.

చెప్పినట్టే చేసినానని నాయన అన్నాడు. తెలీకపోతే అడగొచ్చు కదా అంది అమ్మ. ఆరబెట్టేదానికి అడిగేదేముండాదన్నాడు.

అమ్మ అరవలేదు.

"పెండ్లయి వచ్చినప్పుడు నాకు వరి తెలీదు. నీ వెనకాల తిరిగి తిరిగి నేర్చుకుంటి. ఎర్రగడ్డ గురించి నువ్వు ఒక్క మాటన్నా అడిగింటివా?"

నాయన కూర్చుని గడ్డలు ఏరడం మొదలుపెట్టాడు. మేమూ కూర్చున్నాం. మెత్తవి ఒక కుప్ప, గట్టివి ఒక కుప్ప. మెత్తవాటి కుప్పే పెద్దది. చేతులు కడిగినా వాసన పోవడం లేదు. ఈ పేజీకి కూడా అంటుకుంది.

ఏప్రిల్ 16, బుధవారం

పెదనాయన మనిషిని పంపాడు. రేపు పొద్దున ప్రొక్లెయిన్ మిషన్ వస్తుందట.

గట్టివి ఇంకా ఉన్నాయి, వానలు ఇంకా రాలేదు, మాట మాటేనని అమ్మ కబురు పంపింది. కుళ్లినాయంటే కుళ్లినట్టేనని తిరిగి కబురు వచ్చింది. చేను గురించి మాట్లాడాల్సింది తమ్ముడు గానీ మరదలు కాదని కూడా చెప్పి పంపాడు. అమ్మ ఆ మనిషికి మజ్జిగ ఇచ్చి పంపేసింది. ఆ మజ్జిగ ఎందుకిచ్చిందా అని నాకు ఇంకా మండుతోంది.

మిగిలిన గడ్డలకి చేను మధ్యలోనే పందిరేసి కర్రలతో అటక కడతానంది అమ్మ. మిషన్ ఏ దారిన రావాలో ఆ దారికి అడ్డంగా.

నాయన గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"అటక ఎంతెత్తున కట్టాల?"

అమ్మ చేతిలో పని ఆగింది. ఆయన వైపు చూడకుండానే చెప్పింది.

"మోకాటి ఎత్తు. కింద గాలాడాల."

పెదనాయన వస్తే ఏం చెబుతావని నేను అడిగాను. నాయన చొక్కా తగిలించుకుని కర్రల కోసం వెళ్లిపోయాడు.

అదే రోజు, దీపాలు పెట్టాక

రేపు పొద్దున, మిషన్ కంటే ముందు. అమ్మ తాటాకు మోస్తుంది. నేను తాడు. నాయన కర్రలు. ఆయనతో మాట్లాడను. పాతేటప్పుడు కర్ర ఊగకుండా మాత్రం పట్టుకుంటాను.