గుండీల సంగతి దాచొద్దు

క్లైవ్, నాకు బస్సు టైమైంది. ఓవెన్‌లో సాసేజీలు పెట్టాను, చల్లారకముందే తిను.

మధ్యాహ్నం వైకల్య భత్యం వాళ్ల దగ్గర్నుంచి ఒకావిడ ఫోన్ చేస్తుంది. "ఎలా ఉన్నారు?" అనగానే అలవాటు కొద్దీ "బ్రహ్మాండంగా ఉన్నానమ్మా, మీరెలా ఉన్నారు?" అనకు. పోయినసారి అలా అనే కొంప ముంచావు. ఆవిడ అదే రాసుకుంది. ఈ కీళ్లవాతంతో టీ కెటిల్ ఎత్తలేనని చెప్పు. చొక్కా గుండీలు మా ఆవిడే పెడుతుందని చెప్పు. జోకులు వద్దు.

"బస్సు డిపోలో ఉద్యోగం చేస్తున్నాను కదా, నాకెందుకిస్తారు?" అని మళ్లీ మొదలుపెట్టకు. ఉద్యోగం ఉన్నా ఇస్తారు. నీ చాలీచాలని జీతానికి తోడుగా ఇప్పుడొస్తున్న భత్యం వేరు, ఇది వేరు. దీన్ని తీసుకుంటే అది పోదు. పక్కింటి బెరిల్ రెండూ తీసుకుంటోంది. నువ్వు ఉన్నదున్నట్టు చెబితే చాలు, ఈసారి వచ్చి తీరుతుంది. నాదీ పూచీ.

నోరీన్

ఇంకో మాట. ఆ డబ్బొస్తే సాయానికి మనిషిని పెట్టుకుందామన్నావు. వంటకి పెట్టుకో, ఇల్లు తుడవడానికి పెట్టుకో. గుండీల జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వను. రోజు మొత్తంలో నువ్వు వాగకుండా నా ఎదురుగా నిలబడేది అప్పుడొక్కసారే.